చక్రం మొదట ఎక్కడ తాకింది?

యాంకర్: చిన్న విమానం, ప్రైవేటు ఎయిర్‌స్ట్రిప్. దిగుతూ దిగుతూ చివరనున్న కంచెలోకి దూసుకెళ్లింది. ఇలాంటి వార్త రాగానే ‘బ్రేకులు ఫెయిలయ్యాయా?’ అని అడిగేస్తాం. అడగాల్సింది అదేనా సర్?

శిక్షకుడు: బ్రేకుల సంగతి తర్వాత చూద్దామండీ. చక్రం మొదట ఎక్కడ తాకిందో చెప్పండి. సగం రన్‌వే దాటాక తాకితే బ్రేకు మాత్రం ఏం చేస్తుంది?

ఇంజనీర్: రన్‌వే గడ్డిదై, అదీ తడిగా ఉంటే ఆ కాస్తా చేయదు.

యాంకర్: గడ్డితో అంత తేడానా?

ఇంజనీర్: లెక్క వేద్దాం. సెస్నా 172 అనే చిన్న విమానానికి 50 అడుగుల ఎత్తు నుంచి దిగి ఆగడానికి గట్టి, పొడి రన్‌వే మీద సుమారు 400 మీటర్లు కావాలి. బ్రిటన్ విమానయాన నియంత్రణ సంస్థ తడి గడ్డికి 1.35తో హెచ్చవేయమంటుంది. 540 అయింది. వెనకగాలి ల్యాండింగ్ వేగంలో పదో వంతుంటే ఇంకో 1.2. అంటే దాదాపు 650.

యాంకర్: స్ట్రిప్ 700 ఉంటే సరిపోయినట్టేగా?

ఇంజనీర్: కాగితం మీద! ఆ 400 చేయి తిరిగిన పైలట్ పరీక్షల్లో సాధించింది. అందుకే భద్రతకు మరో 1.43తో హెచ్చవేయమంటారు. 925 దాటిపోయింది చూశారా?

శిక్షకుడు: ఇక వేగం. 65 నాట్లతో, అంటే గంటకు సుమారు 120 కిలోమీటర్లతో రావాల్సినవాడు 75తో వచ్చాడనుకోండి. నేల దగ్గరపడేసరికి విమానం దిగనంటుంది, తేలుతూ పోతుంది. కంగారుపడి ముక్కు కిందికి తోస్తారు. ముందు చక్రం తగిలి ఎగురుతుంది. మళ్లీ తోస్తారు, మళ్లీ ఎగురుతుంది. మూడోసారికి చక్రం విరిగి ప్రొపెల్లర్ మట్టి తవ్వుతుంది.

యాంకర్: ఆ క్షణంలో ఏం చేయాలి?

శిక్షకుడు: మొదటి ఎగురుకే ఫుల్ పవర్ ఇచ్చి పైకి లేచిపోవాలి, గో-అరౌండ్. అక్కడ కంట్రోల్ టవర్ ఉండదు, ‘వద్దు, లేచిపో’ అనేవాళ్లుండరు. గట్టున స్నేహితులుంటారు, అదో మొహమాటం! మా స్టూడెంట్లకు ముందే రన్‌వే మీద ఒక గుర్తు ఎంచుకోమంటా, దాటేలోపు చక్రాలు తాకకపోతే లేచిపోవడమే. కంచె ముందు ఆలోచిస్తే లేవడం కూడా ప్రమాదమే.

యాంకర్: దర్యాప్తులో ఇదంతా ఎలా తెలుస్తుంది?

ఇంజనీర్: విరిగిన విమానం నుంచి వెనక్కి నడుస్తాం. ప్రొపెల్లర్ నేలలో కోసిన గాట్ల మధ్య దూరం కొలిస్తే, ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో తెలిసినప్పుడు వేగం అంచనా దొరుకుతుంది. ఇంకా వెనక్కి వెళ్తే గడ్డిలో మొదటి టైరు చార. అక్కడి నుంచి కంచె దాకా టేపు పట్టుకుంటే చాలాసార్లు బ్రేకుల ప్రశ్న మళ్లీ ఎవరూ అడగరు.