బోరు మోటార్ తీగతో మెటల్ డిటెక్టర్ కాయిల్

హోస్ట్: అందరికీ నమస్కారం. ఇవాళ అనంతపురంలో ఒక మోటార్ వైండింగ్ షాపులో కూర్చుని మాట్లాడుతున్నాం. ఈ షాపు అన్న పగలు బోరు మోటార్లు చుడతారు, సాయంత్రం మెటల్ డిటెక్టర్ కాయిళ్లు చుడతారు. అన్నా, ముందు అందరి మనసులో ఉన్నదే అడుగుతాను. వానలు మొదలైతే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో జనం వజ్రాలు వెతుకుతారు కదా. ఈ మిషన్‌తో వజ్రం దొరుకుతుందా?

అతిథి: దొరకదమ్మా. వజ్రమంటే కార్బన్, అందులో కరెంటు పారదు. ఈ మిషన్ పట్టేది కరెంటు పారే వస్తువునే. ఇనుము, రాగి, బంగారం, అల్యూమినియం అయితే పలుకుతుంది. వజ్రాన్ని తెచ్చి కాయిల్ మధ్యలో పెట్టినా చప్పుడు చేయదు. అప్పు చేసి డిటెక్టర్ కొని పొలానికి పోయేవాళ్లు ఈ ఒక్క మాట వింటే చాలు.

హోస్ట్: మరి మీరు ఎందుకు తయారు చేస్తున్నారు?

అతిథి: సామిల్లు కోసం. రోడ్డు పక్క చింతచెట్టుకు, వేపచెట్టుకు మేకులు కొట్టి బోర్డులు తగిలిస్తారు, కంచె తీగ చుడతారు. ఏళ్లు గడిచేకొద్దీ చెట్టు వాటిని లోపలికి మింగేస్తుంది, పైకి ఏమీ కనపడదు. కోసేటప్పుడు రంపం దానికి తగిలిందంటే పళ్లు పోతాయి, ఒక్కోసారి బ్లేడే తెగుతుంది. దాని పక్కన నిలబడేది మన మనుషులే కదమ్మా. అందుకే మొద్దు రంపం మీదికి పోకముందే చూడాలి.

హోస్ట్: మీరు చేసేది పల్స్ ఇండక్షన్ రకం కదా. తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పండి.

అతిథి: కాయిల్‌లోకి కొద్దిసేపు కరెంటు పంపి టక్కున ఆపేస్తాం. ఆ దెబ్బకు దగ్గర్లో ఉన్న లోహంలో సుడి కరెంట్లు పుడతాయి. అవి వెంటనే చావవు, మెల్లగా తగ్గుతాయి. అదే కాయిల్ ఆ మిగులును వింటుంది. ఇదంతా సెకనులో లక్షో వంతులో జరిగే పని. అందుకే సర్క్యూట్ బోర్డు ఎంత బాగున్నా కాయిల్ బాగలేకపోతే అంతా వృథా. చాలామంది మిషన్ పని చేయకపోతే బోర్డు మీది ఐసీలు, అంటే చిప్‌లు, మారుస్తూ కూర్చుంటారు. ముందు కాయిల్ చూడండప్పా అంటాను నేను.

హోస్ట్: అయితే కాయిల్ దగ్గరికే వద్దాం. తీగ ఏది?

అతిథి: మామూలుగా 25 గేజ్ ఎనామిల్ రాగి తీగ, అంటే పలుచని వార్నిష్ పూత ఉన్న తీగ తీసుకుంటారు, అర మిల్లీమీటర్ మందం. 20 సెంటీమీటర్ల వ్యాసంతో 25 చుట్లు వేస్తే ఇండక్టెన్స్, అంటే కాయిల్ బలం కొలత, సుమారు 300 మైక్రోహెన్రీలు వస్తుంది. తీగ పదహారు మీటర్లు చాలు, రెసిస్టెన్స్ ఒకటిన్నర ఓముకు అటూ ఇటూ ఉంటుంది. కానీ నేను ఎనామిల్ తీగ వాడను. సబ్‌మెర్సిబుల్ మోటార్లకు వాడే ప్లాస్టిక్ పూత తీగ ఉంది చూడు, నీళ్లలో మునిగి పనిచేసేది, అందులో సన్న సైజు తీసుకుంటాను.

హోస్ట్: దానితో తేడా ఏంటి?

అతిథి: పూత మందం. ఎనామిల్ పూత మరీ పలుచన, చుట్టుకు చుట్టు అతుక్కుని ఉంటుంది. అలా దగ్గరగా ఉంటే చుట్ల మధ్య కెపాసిటెన్స్, అంటే చార్జి నిలవ ఉండే గుణం, పెరుగుతుంది. అప్పుడు కరెంటు ఆపాక కాయిల్ తొందరగా సద్దుమణగదు. కాయిల్ ఇంకా మోగుతూ ఉంటే సన్న ఉంగరం నుంచి వచ్చే సిగ్నల్ అందులో కలిసిపోతుంది. పూత మందంగా ఉంటే చుట్లు ఎడంగా ఉంటాయి, కాయిల్ త్వరగా నిశ్శబ్దమవుతుంది. మన సీమలో బోర్లు లేని ఊరు లేదు, కాబట్టి ఈ తీగకు ఎక్కడా కరువు లేదు.

హోస్ట్: చుట్టడం ఎలా?

అతిథి: ప్లాస్టిక్ బకెట్ మీద చుట్టి, దారంతో అంగుళానికి ఒక ముడి వేసి, మోటార్లకు పోసే వార్నిషే పోస్తాను. తీగ ఒక్క వెంట్రుకంత కదిలినా మిషన్ అబద్ధం చెబుతుంది. ప్లైవుడ్ మీద మేకులు కొట్టి చుట్టేవాళ్లు మేకులన్నీ పీకేయాలి. పిడికి పీవీసీ పైపు, ప్లాస్టిక్ నట్టు వాడాలి. ఎనామిల్ తీగ అయితే కొసలు బ్లేడుతో గీకి అప్పుడు సోల్డర్ పెట్టాలి.

హోస్ట్: చుట్టాక బోర్డుకు తగిలిస్తే అయిపోయినట్టేనా?

అతిథి: లేదమ్మా, డ్యాంపింగ్ రెసిస్టర్, అంటే కాయిల్ ఊపును అణిచేది, ఉంది. కాయిల్‌కు అడ్డంగా పెట్టేది. కరెంటు ఆపిన క్షణంలో కాయిల్ కొసల మధ్య వందల వోల్టులు లేస్తుంది, 12 వోల్టుల బ్యాటరీయే కదా అని చెయ్యి పెట్టకూడదు. ఆ పొంగును రెసిస్టర్ మింగాలి. విలువ ఎక్కువైతే కాయిల్ ఊగుతూనే ఉంటుంది, తక్కువైతే బద్ధకంగా దిగుతుంది. సిగ్నల్‌ను తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్‌లో చూస్తూ, తిప్పితే విలువ మారే రెసిస్టర్, అంటే కార్బన్ పొటెన్షియోమీటర్ తిప్పాలి. ఊగడం ఆగిన చోట దాన్ని కొలిచి, అదే విలువ రెసిస్టర్ వేసేయాలి. వైర్‌వౌండ్ రెసిస్టర్ వద్దు, అది కూడా ఒక కాయిలే. కాయిల్ మార్చిన ప్రతిసారీ ఈ పని మళ్లీ చేయాల్సిందే.

హోస్ట్: ఇక టెస్టింగ్. ఎక్కడ చేస్తారు?

అతిథి: నులక మంచం మీద. చెక్క, నులక, అంతే. ఇనుప మంచం, ఇనుప టేబుల్ పనికిరావు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌కు తుపాకీ గుండు తగిలితే, టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ అది ఒంట్లో ఎక్కడుందో వెతకడానికి ఇలాంటి మిషనే తయారు చేశాడు. గుండు దొరకలేదు. పరుపు కింద లోహపు స్ప్రింగులు ఉండటం దానికి ఒక కారణం. అంతటివాడికే అది అడ్డమొచ్చింది.

హోస్ట్: ఏ వస్తువులు పెట్టి చూస్తారు?

అతిథి: ఇప్పటి రూపాయి బిళ్ల స్టెయిన్‌లెస్ స్టీల్, అయస్కాంతానికి అంటుతుంది. పసుపురంగు ఐదు రూపాయల బిళ్ల నికెల్ ఇత్తడి. రెండూ చూస్తాను, ఒక ఉంగరం, ఒక మూడంగుళాల మేకు కూడా. నాణెం జానెడు దూరంలో పలికితే కాయిల్ బాగున్నట్టే. అంతకు రెట్టింపు దూరం ఆశించి దిగులు పడకూడదు. దూరం రెట్టింపైతే సిగ్నల్ అరవై నాలుగో వంతుకు పడిపోతుంది, లెక్క అంత కఠినం. కాయిల్ పెద్దది చేస్తే లోతు పెరుగుతుంది కానీ మేకుల్లాంటి చిన్నవి జారిపోతాయి. సామిల్లుకు నేను జానెడు కాయిలే వాడతాను.

హోస్ట్: నేలమీద పరీక్ష?

అతిథి: అసలు సంగతి అక్కడే. మన ఎర్రనేలలో ఇనుము ఉంటుంది, దాని సన్న రేణువులు కూడా మిషన్‌కు జవాబిస్తాయి. లోహం లేని చోటు చూసుకుని, కాయిల్‌ను నడుము ఎత్తు నుంచి నేలకు దించాలి, మళ్లీ ఎత్తాలి. దించినప్పుడల్లా శబ్దం పెరిగితే అది మట్టి మాట. అప్పుడు కాయిల్ వినడం మొదలుపెట్టే సమయాన్ని కొన్ని మైక్రోసెకన్లు ఆలస్యం చేయాలి. అలా చేస్తే సన్న గొలుసులు తప్పిపోతాయి, అది ఒప్పుకోవాల్సిందే. కర్నూలు వైపు నల్లరేగడిలోనూ, వాన పడిన మరుసటి రోజూ విడిగా చూసుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, నడుస్తున్న మోటార్ స్టార్టర్ దగ్గర అసలు పరీక్షించవద్దు.

హోస్ట్: ఈ ఎపిసోడ్ విని గుప్తనిధుల కోసం తీసుకెళ్తారేమో అని నాకు టెన్షన్‌గా ఉందన్నా.

అతిథి: నాకూ ఉందమ్మా, అందుకే కాయిల్ అడిగిన ప్రతి కుర్రాడికీ చెబుతాను. గుత్తి కోట, గండికోట లాంటి రక్షిత కట్టడాల దగ్గర తవ్వకం నేరం, 1958 చట్టం ఉంది. నేలలో పది రూపాయలకు మించిన నిధి దొరికినా కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి చట్టం. పాత గుళ్లలో విగ్రహాల కింద తవ్వి పాడుచేసిన వాళ్ల వల్ల పోయినవి మళ్లీ రావు. అలాంటి పనికి నేను కాయిల్ చుట్టను.

హోస్ట్: చివరగా, మొద్దును ఎలా చూడాలి?

అతిథి: కాయిల్‌ను బెరడుకు ఆనించి మెల్లగా జరపాలి. తర్వాత మొద్దును తిప్పి నాలుగు వైపులా చూడాలి. మేకు మనవైపు మొన పెట్టి ఉందా, అడ్డంగా ఉందా అన్నదాన్ని బట్టి సిగ్నల్ మారుతుంది. పలికిన చోట సుద్దతో గీత గీసి, రెండు వైపుల నుంచి గీతలు కలిసే చోట ఉలితో తవ్వి తీయాలి. తీశాక మళ్లీ అక్కడే ఒకసారి చూడాలి, ఒక మేకు కొట్టిన చోట రెండోది ఉండటం మామూలే.