పుట్టగొడుగు రాత్రికి రాత్రి పుట్టదండి!

(కొబ్బరితోట. వాన వెలిసిన పొద్దున. కెమెరా నేల మీద గొడుగుల వైపు.)

పేపర్ తీస్తే చాలు, "పుట్టగొడుగుల్లా వెలుస్తున్న కోచింగ్ సెంటర్లు", "పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్న లేఅవుట్లు". అంటే వెనకా ముందూ లేకుండా, రాత్రికి రాత్రి ఊడిపడ్డాయని. ఈ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. కోచింగ్ సెంటర్ల మీద ప్రేమ ఉండి కాదండి. పుట్టగొడుగుని అనవసరంగా ఆడిపోసుకుంటున్నారని.

ఇదిగో, నా కాళ్ల దగ్గర చూడండి. నిన్న సాయంత్రం ఇక్కడ ఏమీ లేవు. ఇవాళ గుప్పెడు గొడుగులు. మా అమ్మమ్మని అడిగితే "రాత్రి ఉరిమింది కదరా, అందుకే" అంది. ఆ ఉరుముల సంగతి చివర్లో చెప్తాను. ఆవిడ మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు.

ముందు ఓసారి ధవళేశ్వరం వెళ్లొద్దాం. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కడి నీళ్లు పెద్దకాలువలోంచి పిల్లకాలువల్లోకి, వాటిలోంచి బోదెల్లోకి, చివరికి మా చేలోకి వస్తాయి. ఊరికి కొత్తగా వచ్చినాయన పచ్చటి ఆకుమడి చూసి "అబ్బో, ఉత్తినే మొలిచేసిందే" అంటే ఏమంటాం? నవ్వుకుంటాం. దాని వెనక ఎంత కాలువ ఉందో మనకి తెలుసు.

పుట్టగొడుగు ఆ ఆకుమడి లాంటిది. దాని కాలువ మాత్రం నేల లోపల ఉంటుంది, మనకి కనపడదు.

ఆ కాలువంటే సన్నటి తెల్లదారాలు. ఒక్కో దారం మందం సాధారణంగా మిల్లీమీటరులో వందో వంతుకి మించదు. మట్టిలో, ఆకుచెత్తలో, కుళ్లిన మొద్దుల్లో నెలలూ ఏళ్లూ పాకుతూ ఉంటాయి. అసలు జీవి అదే, శిలీంధ్రం అంటారు. పైన కనిపించేది కాయ, అంతే. మనకి వేసవిలో కాలువలు కట్టేసినట్టు, ఎండలకి ఇదీ సద్దుమణుగుతుంది. తొలకరి తడి తగిలాక ఆ దారాలు ముడిపడి ఆవగింజంత మొగ్గలు కడతాయి. మొగ్గలో కణాలు చాలావరకు ముందే తయారైపోతాయి. మంచి వాన పడితే అవి నీళ్లు పీల్చుకుని సాగుతాయి. మీరు పొద్దున్నే చూసేది ఆ ఆఖరి సాగుడు మాత్రమే.

అమెరికాలో ఒరెగాన్ అడవిలో ఆర్మిల్లేరియా అనే శిలీంధ్రం ఒకటి సుమారు 9 చదరపు కిలోమీటర్ల మేర పాకి ఉంది. అదంతా ఒకే జీవి, వయసు వేల ఏళ్లలో. కాటన్ దొర కాలువలు దాని ముందు పసిపిల్లలు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ముక్క. పేరు ఒకసారి నెమ్మదిగా పలకండి. పుట్ట, గొడుగు. పుట్ట మీద లేచిన గొడుగు. మనవాళ్లు ఎప్పుడో చూసి పెట్టిన పేరు ఇది. టెర్మిటోమైసిస్ అనే జాతి నిజంగానే చెదపుట్టల్లోంచే వస్తుంది. కొన్ని రకాల చెదపురుగులకి కట్టెనీ ఎండుటాకునీ సొంతంగా అరిగించుకునే శక్తి చాలదు. అందుకని నమిలి మింగి, సగం అరిగినదాన్ని పుట్ట లోపల స్పాంజిలాగా పేరుస్తాయి. దాని మీద ఈ శిలీంధ్రం పెరుగుతుంది. అది కట్టెని మెత్తబరుస్తుంది, చెదలు ఆ మెత్తబడినదాన్నీ శిలీంధ్రాన్నీ తింటాయి. శుద్ధంగా వ్యవసాయం! సుమారు 3 కోట్ల ఏళ్లుగా నడుస్తోంది. మనిషి సేద్యానికి పన్నెండు వేల ఏళ్లుంటే గొప్ప. ఈ గొడుగుని పీకితే కాడ మధ్యలో తెగుతుంది. ఓపిగ్గా తవ్వితే వేరులాంటి తోక కిందున్న చెదల తోటదాకా వెళ్తుంది. జాంబియాలో ఇదే జాతిలో మీటరు వెడల్పు గొడుగు కూడా ఉంది. వానలో ఇద్దరు నిలబడొచ్చు.

ఇక అడవికి. మారేడుమిల్లి, పాపికొండల వైపు వెళ్తే ఇంకో రకం కాలువలు. చెట్టు వేరు ఆగిపోయిన చోట శిలీంధ్రం బోదె మొదలవుతుంది. వేరు చొరలేని సందుల్లోంచి నీళ్లు, భాస్వరం లాక్కొచ్చి చెట్టుకిస్తుంది. ఊరికే కాదు. మనం నీటితీరువా కట్టినట్టు చెట్టు చక్కెర కడుతుంది. మన కొబ్బరి, అరటి, మామిడి వేళ్లలోనూ ఈ బేరం ఉంది, కానీ ఆ రకానికి గొడుగులు రావు. సముద్రం ఒడ్డు సరుగుడు తోటల్లో మాత్రం పైకి కాయలు తేలే రకాలూ ఉంటాయి. (ఈ దారాల ద్వారా చెట్లు ఒకదాంతో ఒకటి కబుర్లు చెప్పుకుంటాయని వీడియోలు తిరుగుతున్నాయి. దానిమీద శాస్త్రవేత్తల్లోనే తగువుంది, కొంచెం ఆగండి.)

ఈ సంగతి ఎలా బయటపడిందో తెలుసా? ట్రఫుల్ అనే ఖరీదైన తిండిని పండించే దారి చూడమని జర్మనీలోని ప్రష్యా ప్రభుత్వం ఫ్రాంక్ అనే శాస్త్రవేత్తకి పని అప్పగించింది. ట్రఫుల్ పండలేదు గానీ, వేరూ శిలీంధ్రమూ కలిసి బతుకుతున్నాయని ఆయన గమనించి 1885లో దానికి మైకోరైజా అని పేరు పెట్టాడు.

ట్రఫుల్ అంటే పైకి రాని పుట్టగొడుగు. ఐరోపాలో ఓక్, హేజెల్ చెట్ల వేళ్ల దగ్గర మట్టిలోనే పండుతుంది. గాలి తగలదు కాబట్టి బీజాలు ఎగరలేవు. అందుకే ఘాటుగా వాసన కొడుతుంది, జంతువులు తవ్వి తిని పేడతో పంచిపెడతాయి. హోటల్ మెనూలో "ట్రఫుల్ ఆయిల్" చూసి మురిసిపోకండి. చాలావరకు అది నూనెలో కలిపిన రసాయనం వాసనే.

మనకి దగ్గర్లో దాని పోలికది ఉంది. గోదావరిలో కలిసే ఇంద్రావతి వెంట పైకి వెళ్తే బస్తర్. అక్కడ తొలివానలకి సాల్ చెట్ల కింద మట్టి గీకి "బోడా" అనే గుండ్రటి ఉండలు ఏరతారు. లేతగా, లోపల తెల్లగా ఉన్నప్పుడే తింటారు. ఏరకుండా వదిలేస్తే పైతొక్క నక్షత్రంలా విచ్చుకుంటుంది. అసలు ట్రఫుల్ కాదు, ధర మాత్రం దాని చెల్లెలే!

బ్యాటరీ 6 శాతం ఉంది, గబగబా చెప్పేస్తాను. ఉరుములు: జపాన్‌లో ఇవాతే యూనివర్సిటీవాళ్లు పుట్టగొడుగులు పెంచే దుంగలకి కరెంటు షాకులిస్తే దిగుబడి పెరిగింది. అమ్మమ్మకి సగం మార్కులు. ఇప్పటిదాకా పేరు పెట్టిన శిలీంధ్రాలు లక్షన్నర, ఉన్నవి 22 నుంచి 38 లక్షలని అంచనా. కోరంగి మడ అడవిలో ఉప్పునీళ్లలో నానే కట్టెని కుళ్లబెట్టే రకాలు కూడా అందులో ఉన్నాయి, దానికి ఇంకో వీడియో కావాలి.

తినే సంగతి. వెండి చెంచా నల్లబడకపోతే మంచిదే అనేది ఉత్త మాట. పురుగు తిన్నది మనమూ తినొచ్చనేదీ ఉత్తదే. డెత్ క్యాప్ అనే ప్రాణాంతకమైన పుట్టగొడుగు విషం ఉడికించినా పోదు. వాంతులు మొదలవడానికే ఆరు గంటల పైన పడుతుంది, మధ్యలో తగ్గినట్టు అనిపిస్తుంది, ఆ తర్వాత కాలేయం పోతుంది.

ఏ రకమో పోల్చుకోవడానికి బీజాల రంగు ఒక ఆనవాలు. అది చూడ్డానికి గొడుగు కోసి కాగితం మీద బోర్లించి, గ్లాసు మూసి రాత్రంతా ఉంచుతారు. చెదపుట్ట గొడుగుకి గులాబీ రంగు పడుతుంది. అలాగని గులాబీ రంగు వచ్చినంత మాత్రాన తినొచ్చని కాదు, విషపువాటిలోనూ ఆ రంగు ఉంది. ఈ తోటలోదే, మొన్న లేచినదాన్ని ఒకటి నిన్న రాత్రి పెట్టాను. అమ్మమ్మ మసాలా కూడా నూరేసింది. చూడండి.

(కాగితం కెమెరా ముందుకి.)

ఆకుపచ్చ. క్లోరోఫిల్లమ్. వాంతులు, విరేచనాలు ఖాయం. అమ్మమ్మా, ఆ మసాలా వంకాయలో వేసెయ్!