అమెరికా సర్కారు బడి: గోడ మీద పది ఆజ్ఞలు, బెంచీల్లో మన పిల్లలు

(2025 నవంబరులో జరిగిన స్టూడియో చర్చకు లిఖిత ప్రతి. పాల్గొన్నవారు నలుగురు: టెక్సస్ పబ్లిక్ స్కూల్లో నాలుగో తరగతికి పాఠాలు చెప్పే టీచర్, రాజ్యాంగ కేసులు చూసే న్యాయవాది, వారాంతాల్లో గుడిలో పిల్లలకు బాలవిహార్ తరగతులు నడిపే ఒక తండ్రి, ఇక్కడి బడుల్లోనే చదివి ఇప్పుడు కాలేజీలో ఉన్న విద్యార్థిని.)

వ్యాఖ్యాత: నమస్కారం. నేరుగా విషయంలోకి వెళ్దాం. ఈ సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో ఎస్‌బీ 10 చట్టం అమల్లోకి వచ్చింది. ఎవరైనా బైబిల్లోని పది ఆజ్ఞల పోస్టర్లు విరాళంగా ఇస్తే బడి వాటిని ప్రతి క్లాసురూములోనూ కంటికి కనిపించేచోట పెట్టాలి. సైజు కనీసం 16 అంగుళాలు బై 20 అంగుళాలు. ఆగస్టులో ఒక ఫెడరల్ జడ్జి 11 స్కూల్ డిస్ట్రిక్టులకు, అంటే ఆయా ప్రాంతాల సర్కారు బడుల్ని నడిపే సంస్థలకు, దీన్ని ఆపారు. మిగతా చాలాచోట్ల గోడెక్కింది. టీచర్ గారూ, మీ క్లాసులో ఉందా?

టీచర్: ఉందండీ. తలుపు పక్కన, ఫైర్ డ్రిల్ మ్యాపు పైన. మొదటివారం ఎవరూ దానివైపే చూడలేదు. ఎక్కాల పట్టీ, పుట్టినరోజుల చార్టు, వాటితోపాటు అదీ ఒకటి. రెండోవారం లంచ్‌కి లైన్లో నిలబడ్డప్పుడు ఒక పాప చదవడం మొదలుపెట్టింది. అంతా పాతకాలపు ఇంగ్లిషు కదా, కూడబలుక్కుంటూ చదివి, "మిస్, గ్రేవెన్ ఇమేజ్ అంటే ఏంటి?" అంది. చెక్కిన బొమ్మ అన్నాను. "దేవుడి బొమ్మా?" అవునన్నాను. "మా ఇంట్లో బోలెడున్నాయి. చేసుకోకూడదంట కదా" అంది. మన పిల్లే.

వ్యాఖ్యాత: మీరేమన్నారు?

టీచర్: ఏమనగలను? అది తప్పు అనకూడదు, ఒప్పు అనకూడదు. ఇంటికెళ్ళి అమ్మని అడుగమ్మా అన్నాను. ఈలోపు వెనకనుంచి ఒక బాబు, "అడల్టరీ అంటే ఏంటి?" అన్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లాడండీ. వాణ్ణీ ఇంటికే పంపాను. (నవ్వులు)

తండ్రి: నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, నన్నడిగితే ఆ పోస్టరు వల్ల కొంపేం మునగదు. దొంగతనం చేయకు, అబద్ధపు సాక్ష్యం చెప్పకు, తల్లిదండ్రుల్ని గౌరవించు. ఇందులో మనకి పనికిరానిది ఏముంది? నా బాధల్లా పోస్టరు గురించి కాదు. విలువలన్నవే చెప్పకుండా, ఎవరికి తోచింది వాళ్ళకి రైటు అనే బడి గురించి.

న్యాయవాది: మీరు నాలుగైదు దాటి చదువుతున్నారండీ. మొదటిది చదవండి. నేను తప్ప నీకు వేరే దేవుడు ఉండకూడదు. దొంగతనం దాకా రావాలంటే ముందు దాన్ని దాటాలి. ఆ 11 డిస్ట్రిక్టుల మీద కేసు వేసిన కుటుంబాల్లో క్రైస్తవులున్నారు, యూదులున్నారు, ఏ మతమూ లేనివాళ్ళున్నారు, హిందువులూ ఉన్నారు. మీ ఇంటి పూజగది గురించి తొమ్మిదేళ్ళ పాపకి సర్కారు గోడ ఏం చెబుతోంది అన్నదే వాళ్ళ ప్రశ్న.

వ్యాఖ్యాత: కానీ ఇది కొత్త గొడవేం కాదు కదా?

న్యాయవాది: అస్సలు కాదు. కెంటకీ రాష్ట్రం ఇలాంటి చట్టమే చేస్తే 1980లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. అక్కడా పోస్టర్లు విరాళాల డబ్బుతోనే కొన్నారు, అయినా చెల్లదంది. అంతకుముందు 1962లో న్యూయార్కు కేసు. రాష్ట్ర విద్యామండలి రాసిన ప్రార్థన, మొత్తం 22 మాటలు. ఏసు పేరు లేదు, ఏ మతం పేరూ లేదు. ఇష్టంలేని పిల్లలు మౌనంగా ఉండొచ్చు కూడా. కోర్టు ఏమందంటే, ప్రార్థన రాయడం ప్రభుత్వం పని కాదు. మరుసటేడే పెన్సిల్వేనియాలో రోజూ పొద్దున బైబిల్ నుంచి పది వచనాలు చదివించడాన్నీ ఆపేసింది. కాకపోతే అదే తీర్పులో ఇంకోమాట చెప్పింది, దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. మతాల గురించి చరిత్రగా, సాహిత్యంగా నేర్పడానికి అడ్డేమీ లేదంది.

తండ్రి: అవన్నీ పాత తీర్పులు. ఇప్పుడు గాలి మారింది కదండీ.

న్యాయవాది: మారింది, కాదనను. 2022లో బ్రెమర్టన్ అని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక ఫుట్‌బాల్ కోచ్ కేసు. మ్యాచ్ అయ్యాక మైదానం మధ్యలో మోకాళ్ళమీద కూర్చుని ప్రార్థన చేసేవాడు. స్కూలు వద్దంది. సుప్రీంకోర్టు 6-3తో కోచ్ వైపు తీర్పిచ్చింది. ఇకమీదట ఇలాంటి కేసుల్ని దేశ చరిత్ర, సంప్రదాయం చూసి తేలుస్తామంది. ఆ తీర్పు చూసే 2024లో లూయిజియానా, ఈ ఏడు టెక్సస్ ధైర్యం చేశాయి. లూయిజియానా చట్టం చెల్లదని అప్పీలు కోర్టులో ముగ్గురు జడ్జిల బెంచి జూన్‌లో చెప్పింది. ఇప్పుడు ఆ కోర్టే మొత్తం జడ్జిలతో మళ్ళీ వింటానంటోంది. కాబట్టి 1980 తీర్పు ఇంకెన్నాళ్ళు నిలబడుతుందో నేనైతే పందెం కాయను.

తండ్రి: ఒక్కమాట చెప్పనివ్వండి. మనం ఇండియాలో బడికి వెళ్ళినప్పుడు పొద్దున్నే సరస్వతీ ప్రార్థన పాడలేదా? పాడాం. ఎవరికేమైంది?

న్యాయవాది: పక్క బెంచీలో ఉన్న ఫాతిమానో జోసెఫ్‌నో ఎప్పుడైనా అడిగారా? నేనూ అడగలేదు. పూర్తిగా ప్రభుత్వ ఖర్చుతో నడిచే బడిలో మతబోధ కూడదని మన రాజ్యాంగం 28వ అధికరణలోనూ ఉంది. అక్కడ మనం ఎక్కువమంది కాబట్టి మనకి దాంతో పనిపడలేదు. ఇక్కడ లైన్లో నిలబడి అడుగుతున్నది మన పాప.

విద్యార్థిని: నేనొకటి చెప్పొచ్చా అంకుల్? నేను చదివినప్పుడు పోస్టర్లు లేవు. కానీ రోజూ పొద్దున అమెరికా జెండాకి ఒక ప్రతిజ్ఞ, టెక్సస్ జెండాకి ఇంకో ప్రతిజ్ఞ, తర్వాత నిమిషం మౌనం. టెక్సస్ ప్రతిజ్ఞలో "దేవుడి నీడలో ఒకే రాష్ట్రం" అన్న మాట 2007లో చేర్చారంట, నాకు కాలేజీకి వచ్చాక తెలిసింది. అప్పట్లో అదేదో మొదటినుంచీ ఉందనుకున్నా. ఆ నిమిషంలో నేను హోంవర్కు గుర్తుచేసుకునేదాన్ని. మా ఫ్రెండ్ ఒకమ్మాయి మాత్రం హనుమాన్ చాలీసా చదువుకునేది, పెదాలు కదలకుండా.

టీచర్: అది ఎవరూ ఆపలేరమ్మా. ఏ తీర్పూ పిల్లల్ని ప్రార్థన చేసుకోవద్దనలేదు. చేయించొద్దంది అంతే. ఈ తేడా మా స్టాఫ్‌లోనే సగంమందికి తెలీదు.

విద్యార్థిని: హైస్కూల్లో మేం హిందూ స్టూడెంట్స్ క్లబ్ పెట్టుకున్నాం. పక్కగదిలో బైబిల్ క్లబ్. బడి అయ్యాక ఏ క్లబ్‌కైనా గది ఇస్తే మతం క్లబ్‌కీ ఇవ్వాల్సిందేనని చట్టముంది.

న్యాయవాది: 1984 చట్టం. దానికోసం గట్టిగా పట్టుబట్టింది క్రైస్తవ సంఘాలే. వాడుకున్నది మాత్రం అందరూ.

వ్యాఖ్యాత: సరే, అసలు చిక్కు దగ్గరికి వద్దాం. మనవాళ్ళు పోస్టరు వద్దంటారు, యోగా మాత్రం కావాలంటారు. దీనికేం చెబుతారు?

తండ్రి: యోగా మతం కాదండీ, ఆరోగ్యం.

న్యాయవాది: కాలిఫోర్నియా కోర్టు సరిగ్గా అదే చెప్పింది, 2015లో, ఎన్సినీటస్ బడుల కేసులో. కానీ ఆ స్థితికి రావడానికి బడి ఏం చేసిందో తెలుసా? సంస్కృతం పేర్లు తీసేసింది. పద్మాసనానికి "క్రిస్-క్రాస్ ఆపిల్‌సాస్" అని పేరు పెట్టింది. (నవ్వులు) అలబామా ఇంకో మెట్టు ఎక్కింది. 1993 నుంచి బడుల్లో యోగాని నిషేధించింది, 2021లో అనుమతిస్తూ చట్టంలోనే రాసింది: ఆసనాలకి ఇంగ్లిషు పేర్లే ఉండాలి, మంత్రాలు వద్దు, "నమస్తే" అనకూడదు.

తండ్రి: నమస్తే అనకూడదా! ఇది మరీ అన్యాయం.

న్యాయవాది: అన్యాయమే. అయితే దీనికి రెండోవైపు కూడా చూడండి. డెబ్భైలలో న్యూజెర్సీలో ఐదు హైస్కూళ్ళలో మహర్షి మహేశ్ యోగి ధ్యానాన్ని సైన్సు కోర్సని పెట్టారు. మంత్రం తీసుకోవాలంటే పిల్లలు పూలు, పళ్ళు, తెల్ల చేతిరుమాలు పట్టుకెళ్ళాలి. గురువుగారి పటం ముందు సంస్కృతంలో పూజ చేసి మంత్రం ఇచ్చేవాళ్ళు. కొందరు తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు, 1979లో అప్పీలు కోర్టు కూడా ఇది మతమే, బడిలో కుదరదంది. ఇప్పుడు చెప్పండి. ఒక బాప్టిస్టు క్రైస్తవ తండ్రి తన కొడుకు చేత గురుపూజ చేయించారని బాధపడితే, ఆ బాధకీ మన పాప గ్రేవెన్ ఇమేజ్ బాధకీ తేడా ఏంటి? ఒకటి కావాలంటే రెండోది ఒప్పుకోవాలి. నేను ఇంతకుమించి చెప్పేదేం లేదు.

[ఇక్కడ తండ్రి, న్యాయవాది ఒకేసారి మాట్లాడారు. దీపావళి సెలవు ప్రస్తావన వచ్చింది. న్యూయార్కు నగరం 2024లో మొదటిసారి దీపావళికి బడులకు సెలవిచ్చింది. సెలవిస్తే మతబోధ కాదని ఇద్దరూ ఒప్పుకున్నారు.]

వ్యాఖ్యాత: (తండ్రితో) బడిలో విలువలు చెప్పడం లేదన్నారు కదా మీరు. మేరీలాండ్ తీర్పు గురించి చెప్పండి.

తండ్రి: ఆ తీర్పుకి నేను సంతోషించాను, దాచుకోను. మాంట్‌గోమరీ కౌంటీలో చిన్నపిల్లల క్లాసుల్లో ఎల్జీబీటీ (స్వలింగ, ట్రాన్స్‌జెండర్ వగైరా) పాత్రలున్న కథల పుస్తకాలు పెట్టారు. మొదట, ఇష్టంలేనివాళ్ళు పిల్లల్ని ఆ పాఠానికి పంపక్కర్లేదన్నారు. తర్వాత 2023లో అది కుదరదన్నారు. ముస్లిం తల్లిదండ్రులు, కేథలిక్కులు, ఉక్రేనియన్ ఆర్థడాక్స్ వాళ్ళు కలిసి సుప్రీంకోర్టుదాకా వెళ్ళారు. ఈ జూన్ 27న 6-3తో గెలిచారు. అలాంటి పాఠం ఉంటే బడి ముందే చెప్పాలి, తల్లిదండ్రులు అడిగితే పిల్లల్ని వదిలేయాలి. ఐదేళ్ళ పిల్లకి ఏం చెప్పాలో నేను నిర్ణయించుకోకూడదా?

టీచర్: నిర్ణయించుకోండి సార్. నా ఇబ్బంది వేరే. పాఠం మొదలుపెట్టగానే ముగ్గురు లేచి లైబ్రరీకి వెళ్తారు. మిగతా పిల్లలు చూస్తారు. ఆ క్లాసులోనే ఇద్దరమ్మలున్న పిల్ల ఉంటుంది. నా కుటుంబం గురించి చదువుతుంటే వీళ్ళెందుకు వెళ్ళిపోయారు అని ఆ పిల్లకి తడుతుంది. మళ్ళీ "ఇంటికెళ్ళి అడుగు" అనేనా నేను చెప్పాల్సింది?

న్యాయవాది: ఆ తీర్పు గీత ఎక్కడ ఆగుతుందో కూడా చూడాలి. పరిణామ సిద్ధాంతం మా నమ్మకానికి విరుద్ధం, ఆ రోజు మా అబ్బాయిని పంపం అంటే? మాంసం తినే కథ మాకు వద్దంటే? వ్యతిరేకించిన ముగ్గురు జడ్జిల భయం దాదాపు ఇదే.

విద్యార్థిని: అంకుల్, ఒకటి అడుగుతా, కోప్పడకండి. ఈ విలువలు బడి నేర్పుతోందని ఎందుకనుకుంటున్నారు? మీ బాలవిహార్‌లో నాతో పాటు చదివిన ఒకబ్బాయి గే. పుస్తకం చదివి అలా అవలేదు. మాకందరికీ తెలుసు. మీకు తెలీదు.

తండ్రి: (కాసేపాగి) నాకు చెబితే నేనేమన్నా తిడతానా?

విద్యార్థిని: తిట్టరు. వాళ్ళమ్మకి ఫోన్ చేస్తారు.

(నవ్వులు)

తండ్రి: చేస్తానేమో. అదీ నిజమే. కానీ నేను చెప్పేది వినమ్మా, వాణ్ణి వెలెయ్యమని నేననడం లేదు. పదిహేడేళ్ళ వాడితో మాట్లాడటం వేరు, ఐదేళ్ళ పిల్లకి క్లాసులో చెప్పడం వేరు.

విద్యార్థిని: నాకైతే రెండూ ఒకటే అనిపిస్తుంది. ప్రశ్న అడిగినప్పుడు జవాబు చెప్పేవాళ్ళుండాలి, అది ఎవరైనా సరే.

న్యాయవాది: దేశమే మారుతోందండీ. ప్యూ అనే పరిశోధన సంస్థ సర్వేల్లో 2007లో క్రైస్తవులమని చెప్పుకున్న పెద్దవాళ్ళు 78 శాతం, 2023-24కి 62. ఏ మతమూ లేదనేవాళ్ళు 16 నుంచి 29కి వచ్చారు. గోడమీద పోస్టర్లు ఇప్పుడే ఎందుకొస్తున్నాయో దీంట్లో కొంత తెలుస్తుంది. ఇళ్ళలో, చర్చిల్లో జారిపోతోందనుకున్నది బడిలో పట్టుకుందామన్న ఆరాటం. ఆ ఆరాటం మీ మాటల్లోనూ వినిపిస్తోంది సార్, ఏమనుకోవద్దు.

తండ్రి: అనుకోను. వారానికి గంటన్నర బాలవిహార్‌తో నేను చేయలేకపోయింది, వారానికి ముప్ఫై ఐదు గంటలున్న బడి చేస్తే బాగుండుననే ఉంటుంది ఎవరికైనా.

టీచర్: మాకున్న గంటలు లెక్కలకే సరిపోవడం లేదండీ.

వ్యాఖ్యాత: ఒక ప్రేక్షకురాలి ప్రశ్న. హెచ్-1బీ మీద ఉన్నాం, ఓటు లేదు, మేం చేయగలిగింది ఏమైనా ఉందా అంటున్నారు.

న్యాయవాది: ఉంది. స్కూల్ బోర్డు మీటింగులో మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. పేరు నమోదు చేసుకుంటే రెండు మూడు నిమిషాలిస్తారు. టెక్సస్‌లో ఇప్పుడొక పని కూడా ఉంది. ఎస్‌బీ 11 అనే ఇంకో చట్టం ప్రకారం బడిలో ప్రార్థనకీ, బైబిల్‌గానీ వేరే మతగ్రంథంగానీ చదవడానికీ విడిగా సమయం పెట్టాలా వద్దా అని ప్రతి బోర్డూ 2026 మార్చి 1లోపు ఓటేసి తేల్చాలి. పాఠాల సమయంలో పెట్టకూడదు, తల్లిదండ్రుల సంతకం ఉన్న పిల్లలే వెళ్ళాలి. ఇంకొకటి, రాష్ట్రం తయారుచేసిన బ్లూబానెట్ పాఠాలు. బైబిల్ కథలున్న ఆ పాఠాలని 2024 నవంబరులో రాష్ట్ర విద్యామండలి 8-7తో ఆమోదించింది. తీసుకోవాలని బలవంతం లేదు గానీ, తీసుకుంటే పిల్లాడికి 60 డాలర్ల దాకా నిధులొస్తాయి. మీ డిస్ట్రిక్టు తీసుకుందా లేదా అని ఒక ఈమెయిల్ పెట్టి అడగండి.

వ్యాఖ్యాత: (తండ్రితో) మీరు వెళ్తారా మీటింగుకి?

తండ్రి: వెళ్తాను. ప్రార్థన సమయం మీద మాత్రం మాట్లాడను, నాకు దానిమీద ఇంకా ఏమీ తేలలేదు. ఏ పుస్తకం ఏ నెలలో చెబుతారో బడి తెరవకముందే జాబితా ఇవ్వమని అడుగుతాను.

టీచర్: అది అడగండి, నేను కూడా మీవైపే. ఆ జాబితా మాకే అక్టోబరుదాకా రావడం లేదు.

వ్యాఖ్యాత: మిగిలిన ప్రశ్నలు వచ్చేవారం. అందరికీ ధన్యవాదాలు.