రిపోర్టు నుంచి జంక్షన్ దాకా

అందరికీ నమస్కారం. పరిశోధనలో తేలింది రోడ్డు మీద పనిచేసేవాళ్ల చేతికి ఎలా చేర్చాలో ఈరోజు మాట్లాడుకుందాం.

రౌండ్‌అబౌట్ (వలయం చుట్టూ బండ్లు తిరిగి వెళ్లే కూడలి) గురించి మనలో తెలియనివారు ఉండరు. లోపల తిరుగుతున్న బండికే ముందు దారి, బయటి నుంచి వచ్చేవాడు ఆగాలి అన్న నియమం బ్రిటన్‌లో 1966లో వచ్చింది. అంతకుముందు కొత్త బండ్లు లోపలికి దూరిపోయి, వలయమంతా బిగుసుకుపోతుండేది. నియమం మారాక బండ్లు కదిలాయి. ఆ ఫలితాలు దాచిపెట్టలేదు, అచ్చు వేశారు. అయినా అదే భాష చదివే అమెరికాలో ఈ పద్ధతి రౌండ్‌అబౌట్లు మొదటిసారి 1990లో, లాస్ వేగాస్ ప్రాంతంలోని సమ్మర్లిన్‌లో కట్టారు. అంటే 24 ఏళ్లు! కారణాలు చాలానే ఉండొచ్చు. కానీ ప్లాన్ గీసే ఇంజనీరుకు ఎవరూ నేర్పనిది అతని డ్రాయింగులోకి ఎలా వస్తుంది?

పరిశోధన ఉన్నా అది పనిచేసేవాడి చేతికి అందకుండా వదిలేసే తప్పు నేను కూడా చేసినవాణ్ణే. సిగ్నల్ టైమింగ్ మీద ఓసారి క్లాసు తీసుకున్నాను. 1958లో బ్రిటన్ పరిశోధకుడు వెబ్‌స్టర్ ఇచ్చిన సూత్రం, దాని వెనకున్న గణితం, స్లైడ్ తర్వాత స్లైడ్ గంటన్నర చెప్పాను. చివర్లో ఒకాయన లేచి, "సార్, అంతా బాగుంది. రేపు పొద్దున నా సిగ్నల్ దగ్గర నేనేం మార్చాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు ఎవరి జంక్షన్ లెక్కలు వాళ్లే తెచ్చుకోవాలని ముందే చెబుతున్నాను. సూత్రం నిజానికి చిన్నది. సిగ్నల్ రంగులన్నీ ఒక చుట్టు పూర్తి కావడాన్ని సైకిల్ అంటాం. ఒక సైకిల్లో ఏ బండీ కదలకుండా వృథా అయ్యే సెకన్లను ఒకటిన్నరతో హెచ్చవేసి 5 కలపాలి. ఒక్కో ఫేజులో (ఒక వైపు బండ్లకు పచ్చ దీపం వెలిగే వంతులో) వచ్చే రద్దీని, పచ్చ దీపం ఆగకుండా వెలిగితే ఆ రోడ్డు పంపగల రద్దీతో భాగించి, అవన్నీ కూడి, 1లోంచి తీసేయాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సైకిల్ సమయం. వృథా 12 సెకన్లు, రద్దీ మొత్తం 0.7 అనుకోండి, సుమారు 77 సెకన్లు వస్తుంది. తన సిగ్నల్ 150 సెకన్ల మీద నడుస్తోందని అప్పుడు గుర్తొచ్చినవాడి ముఖం చూడాలి! రద్దీ పెరిగితే సైకిల్ పెంచేయడమే మందు అన్న అలవాటు అక్కడ కదులుతుంది. రద్దీ మొత్తం 1కి దగ్గరపడితే ఈ సూత్రం అర్థం లేని జవాబిస్తుందని కూడా అదే క్లాసులో చేయించి చూపాలి. అది తెలియకపోతే రద్దీ బాగా ఉన్న జంక్షన్‌లో దాన్ని నమ్మి మోసపోతారు.

ఇంకో సంగతి. ఒకే పరిశోధనను అందరికీ ఒకేలా చెప్పకూడదు. ఇలినాయ్‌లోని ఒటావా దగ్గర 1958 నుంచి 1960 దాకా, పరీక్ష కోసమే వేసిన రోడ్లమీద లారీలు తిప్పుతూనే ఉన్నారు. యాక్సిల్ (ఇరుసు) మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం దాదాపు 16 రెట్లని తేలింది. డిజైనరుకు ఇది రోడ్డు మందం లెక్క. లారీలు తూచే ఉద్యోగికి ఆ లెక్కతో పనిలేదు. "పది శాతమే కదా ఎక్కువ, పోనివ్వండి" అని ఎవరైనా అంటే, ఆ పది శాతానికి నష్టం 46 శాతం దాకా పెరుగుతుందని తెలిస్తే చాలు. ఆయనకు ఆ ఒక్క అంకె గుర్తుండాలి.

చిన్న ఆఫీసుల నుంచి జనం క్లాసుకి రాలేరు, ఉన్నదే ఇద్దరు ముగ్గురు. అమెరికాలో 1982లో మొదలైన స్థానిక సాంకేతిక సహాయ కార్యక్రమం ఇలాంటివాళ్ల కోసమే పెట్టారు. ఇప్పుడు ప్రతి రాష్ట్రంలో ఓ కేంద్రం ఉంది. ఇలా ఆఫీసుల దగ్గరికే వెళ్లి నేర్పే శిక్షకులు సైట్‌లో విన్న ప్రశ్నల్ని ల్యాబుకు మోసుకురావాలని నా కోరిక. క్లాసు అయ్యాక ఫీడ్‌బ్యాక్ ఫారం నింపించుకుంటే సరిపోదు. భోజనం బాగుందా, ఏసీ పనిచేసిందా అన్నది తప్ప అందులో ఏమీ తెలియదు (నేనూ అలాగే నింపుతాను). మూడు నెలల తర్వాత ఫోన్ చేసి, "ఆ సైకిల్ మార్చారా? మార్చకపోతే ఎవరు ఆపారు?" అని అడగండి. చాలాసార్లు ఆపింది పై అధికారి అని తేలుతుంది. అంటే తర్వాతి క్లాసులో ఆయన కూర్చోవాలన్నమాట.

సరే, నా మాటలు చాలు. మీరు తెచ్చిన లెక్కల కాగితాలు బయటికి తీయండి. ముందు మీ సిగ్నల్ ఇప్పుడు ఎన్ని సెకన్ల మీద నడుస్తోందో పైన రాసుకోండి, తర్వాత వృథా సెకన్లతో మొదలుపెడదాం.