పాత సిస్టమ్‌ని అమ్మేసే ముందు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ బ్యాగులు భుజాన వేసుకుని ఇంతమంది వచ్చారంటే, మీ ఇళ్లలోనూ ఇదే ప్రశ్న నలుగుతోందన్నమాట. "మా సిస్టమ్‌కి విండోస్ 11 ఎక్కదంటున్నారు, అమ్మేసి కొత్తది తీసుకోమంటారా?" సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీ దగ్గర పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఈమధ్య ఈ ప్రశ్న విననిరోజు లేదు.

అసలేం జరిగిందో ముందు చెప్తాను. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మద్దతు ఆపేసింది. దానివల్ల మీ కంప్యూటర్ ఆగిపోదు. కొత్తగా బయటపడే కంతల్ని పూడ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం ఇక రావు. విడిగా నమోదు చేసుకున్న ఇంటి వాడకందార్లకు 2026 అక్టోబర్ 13 దాకా గడువు పెంచారు. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా 8వ తరమో, ఆ తర్వాతిదో కావాలి. ఆ 8వ తరం బయటికొచ్చిందే 2017లో. అంతకుముందు కొన్న మెషీన్ ఎంత బాగా నడుస్తున్నా లెక్కలోకి రాదు.

నాకు మనసొప్పనిది ఇదే. మెషీన్ పనికొస్తుందో రాదో దాన్ని విప్పి చూసి చెప్పాలి. 6వ తరం ఐ5 ల్యాప్‌టాప్‌లో పాత హార్డ్ డిస్క్ తీసేసి, దానికంటే చాలా వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ పెట్టి, ర్యామ్ 8 జీబీకి పెంచితే పిల్లల చదువుకీ, కరెంటు బిల్లు కట్టడానికీ, యూట్యూబ్‌కీ హాయిగా సరిపోతుంది. అందులో విండోస్‌కి బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే అప్‌డేట్లూ వస్తాయి. మింట్ 22కి 2029 దాకా ఇస్తామన్నారు, దానికి పైసా కట్టక్కర్లేదు.

లినక్స్ అనగానే నల్లటి తెర, తెల్లటి అక్షరాలు గుర్తొచ్చి భయపడేవాళ్లున్నారు. లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి 1991లో మొదలుపెట్టిన కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి భాగం, అది. మీ ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్నదీ ఆ కెర్నెలే. దాని చుట్టూ కట్టుకున్న ఇళ్లలాంటివి ఉబుంటు, ఫెడోరా, మింట్. కొత్తవాళ్లకి నేను మింటే వేస్తాను. కింద పట్టీ, ఎడమ మూలన మెనూ, విండోస్‌కి అలవాటుపడిన చేతికి వెతుకులాట ఉండదు.

అయితే అందరికీ లినక్సే వేయాలని నేను అనను. ఒకప్పుడు అన్నాను, దాని ఫలితమూ చూశాను. చిక్కడపల్లిలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్‌గారు సిస్టమ్ మెల్లగా నడుస్తోందని తెస్తే, మంచి చేస్తున్నాననుకుని లినక్స్ ఎక్కించి పంపాను. సాయంత్రానికల్లా ఫోన్. లెక్కలు రాసే ట్యాలీ ప్రోగ్రామ్ లేదు, డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్ పెడితే గుర్తించట్లేదు. రిటర్నులు వేయడానికి ఆఖరి వారం అది. రాత్రంతా కూర్చున్నా ఆ టోకెన్‌ని నేను పనిచేయించలేకపోయాను. మళ్లీ విండోస్ వేసిచ్చేసరికి ఆయనకి రెండు రోజుల పని పోయింది. అప్పట్నుంచీ "ఇందులో మీరు ఏమేం పనులు చేస్తారు?" అని అడగకుండా ఏ మెషీన్ మీదా చెయ్యి వేయను.

కంప్యూటర్‌లో పేజీలు కూర్చి అచ్చుకిచ్చే డీటీపీ వాళ్లకి ఇది మరీ ముఖ్యం. మన నగరంలో పెళ్లిపత్రికలు, కరపత్రాలు ఇప్పటికీ అను ఫాంట్లతో కొట్టేవాళ్లు చాలామంది. అవి అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదవగలిగే యూనికోడ్ పద్ధతివి కావు. ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు కూర్చిన ఫాంట్లు అవి. ఆ ఫాంట్ లేని చోట ఫైలు తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి పాత ఫైళ్లున్న షాపువాళ్లు విండోస్‌లోనే ఉండండి. ఫోటోషాప్ మీద బతికేవాళ్లకూ అదే మాట.

మామూలుగా తెలుగు రాసుకునేవాళ్లకి మాత్రం లినక్స్‌లో ఏ లోటూ లేదు. ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, "amma" కొడితే "అమ్మ" వచ్చే ఆర్‌టీఎస్ పద్ధతీ ఉంది. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. లినక్స్‌లో మెనూలు తెలుగులో కనిపించాలని మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ సంస్థవాళ్లు శ్రమపడ్డారు. ఆ సంగతి ఈ ఊళ్లోనే చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మ్యాక్ గురించీ అడిగారు. మంచి మెషీనే. బ్యాటరీ బాగా నిలుస్తుంది, వీడియో ఎడిటింగ్‌కి బాగుంటుంది. కానీ ఇప్పుడొస్తున్న యాపిల్ చిప్ మ్యాక్‌లలో ర్యామ్ తర్వాత పెంచుకోలేం, కొనేటప్పుడే ఆలోచించి తీసుకోవాలి.

ఇంకో మాట, కాస్త నొచ్చుకున్నా సరే చెప్పాలి. "విండోస్ కూడా ఉచితమే కదా, మా షాపతను ఊరికే వేశాడు" అంటారు కొందరు. అది క్రాక్, అంటే లైసెన్స్ కొనకుండా దొంగదారిలో వేసింది. తాళం పగలగొట్టి పెట్టిన తలుపు మీ ఇంటికి పెట్టించుకున్నట్టు. ఆ క్రాక్ ప్రోగ్రామ్‌తో పాటు ఇంకేం దిగిందో వేసినవాడికీ తెలియదు. అదే సిస్టమ్‌లో మీరు బ్యాంకు పాస్‌వర్డ్ కొడతారు. విండోస్ మీకు అవసరమైతే లైసెన్స్ కొనండి. కొనడం ఇష్టంలేకపోతే ఉచితంగా ఇచ్చేది ఉంది, దర్జాగా వాడుకోండి.

తేల్చుకోవడానికి నా మాట కూడా నమ్మక్కర్లేదు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్ ఎక్కించి, సిస్టమ్ ఆన్ చేసేటప్పుడు, దేన్నుంచి మొదలవ్వాలో అడిగే బూట్ మెనూలో దాన్ని ఎంచుకుంటే చాలు. పెన్‌డ్రైవ్ మీంచే మొత్తం నడుస్తుంది. ఇన్‌స్టాల్ నొక్కనంతవరకూ మీ డిస్కులో ఒక్క ఫైలూ చెదరదు. కొంచెం మెల్లగా ఉంటుంది, పెన్‌డ్రైవ్ కదా. వైఫై పట్టిందా, స్పీకర్ మోగిందా, కెమెరా వచ్చిందా, మూత వేసి తీస్తే మేలుకుందా, అన్నీ చూడండి. ముఖ్యంగా మీ ప్రింటర్ తగిలించి ఒక కాగితం తీయండి. పాత లేజర్ ప్రింటర్లు కొన్ని లినక్స్‌తో సతాయిస్తాయి. ఒక వారం అలా నడిపి, అప్పుడు నిర్ణయించుకోండి. ఎక్కించుకునే ముందు మాత్రం ఫోటోలు, కాగితాలు వేరే డిస్కులోకి కాపీ చేసి, ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో చూసుకోండి. పెళ్లి ఫోటోలు పోయాయని నా షాపులో ఏడ్చినవాళ్లని చూశాను.

ఆ బల్ల మీద పది పెన్‌డ్రైవ్‌లు సిద్ధంగా ఉన్నాయి. ఛార్జర్లు తీసుకుని రండి, గోడ పక్కన ప్లగ్గులున్నాయి. ప్రింటర్ కూడా ఒకటి తెచ్చాను, పాతదే.