గడియారం ఫోటో తీసేటప్పుడు నడిచేవి రెండు గడియారాలు

[స్క్రీన్ నిండా ఒక చేతి గడియారం. సెకన్ల ముల్లు కదులుతోంది.]

నమస్కారం. ఏదైనా వాచీ ప్రకటన ఒకటి గుర్తు తెచ్చుకోండి. అందులో టైమ్ ఎంత? పదీ పది. కంపెనీ మారినా, మోడల్ మారినా దాదాపు అదే టైమ్.

అది ఫలానా నాయకుడు చనిపోయిన సమయమని కథలు తిరుగుతుంటాయి. నమ్మకండి. కారణం డయల్ మీదే ఉంది. కంపెనీ పేరు మామూలుగా 12 కింద ఉంటుంది. పదీ పదికి రెండు ముళ్లూ చెరో పక్కకు చేతులెత్తినట్టు నిలబడి ఆ పేరుకి చోటిస్తాయి. 3 దగ్గర తేదీ కిటికీ, 6 దగ్గర చిన్న డయల్ ఉన్నా వాటికి అడ్డం రావు.

[డయల్ బొమ్మ మీద కోణాలు గీసి చూపించాలి.]

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది, నాకు చాలా ఇష్టమైన లెక్క. పెద్ద ముల్లు నిమిషానికి 6 డిగ్రీలు తిరుగుతుంది, చిన్న ముల్లు అర డిగ్రీ. సరిగ్గా 10:10కి పెద్ద ముల్లు 12కి కుడివైపు 60 డిగ్రీల దూరంలో, చిన్న ముల్లు ఎడమవైపు 55 డిగ్రీల దూరంలో ఉంటాయి. ఆ 5 డిగ్రీల తేడాతో డయల్ కాస్త ఒరిగినట్టు అనిపిస్తుంది. రెండు వైపులా సమానంగా రావాలంటే 10 గంటల 9 నిమిషాల 14 సెకన్లకు పెట్టాలి. అందుకే చాలామంది 10:09 దగ్గరే ఆపుతారు. సెకన్ల ముల్లుని 35 ప్రాంతంలో ఉంచుతారు, అక్కడ ఖాళీ ఎక్కువ కాబట్టి.

మరి ముల్లుని ఆపేదెలా? చాలా వాచీల్లో పక్కనుండే క్రౌన్‌ని, అంటే టైమ్ మార్చడానికి తిప్పే చిన్న బిరడాని, బయటికి లాగితే సెకన్ల ముల్లు ఆగిపోతుంది. కొన్ని పాత మెకానికల్ వాచీల్లో ఆగదు. లాగిన క్రౌన్ ఫోటోలో బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తుంది కదా, దానికి నేను చేసేదిది: క్రౌన్ లాగి ఒక ఫోటో, నొక్కి ఇంకో ఫోటో తీస్తాను. వాచీ, కెమెరా రెండూ అంగుళం కూడా కదలకూడదు. తర్వాత ఎడిటింగ్‌లో మొదటి ఫోటోకి రెండో ఫోటోలోని క్రౌన్ అతికిస్తాను.

ఇంత శ్రమ అవసరమా అంటే, దగ్గరగా తీస్తే అవసరమే. వాచీ బొమ్మ అసలు సైజులోనే సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద పడేంత దగ్గరగా, ఎఫ్/8 దగ్గర (లెన్స్ కన్నం ఎంత తెరిచి ఉందో చెప్పే అంకె) తీశారనుకోండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో, అంటే పాత ఫిల్మ్ రీలు సైజు సెన్సర్ ఉన్న కెమెరాలో, స్పష్టంగా వచ్చేది ఒక మిల్లీమీటర్ లోతు మాత్రమే. ముల్లు స్పష్టంగా వస్తే డయల్ మసకబారుతుంది. అందుకని ఫోకస్‌ని కొంచెం కొంచెం జరుపుతూ పది పదిహేను ఫోటోలు తీసి ఒకటిగా కలుపుతారు. ఈలోపు వాచీ నడుస్తూ ఉంటే ప్రతి ఫోటోలో ముల్లు ఒక్కోచోట ఉంటుంది, కలిపితే ముళ్లన్నీ చెదిరిపోతాయి.

ఈ వీడియోలో మీరు పట్టుకోవాల్సింది ఇదే. కెమెరాలో వెలుగుని కాసేపు లోపలికి వదిలి మూసుకునే తెర, అంటే షట్టర్ కూడా ఒక గడియారమే. మీరు ఫోటో తీసే ప్రతిసారీ ఎదురుగా ఉన్న గడియారం వేగం, షట్టర్ వేగం, ఈ రెండిటికీ లెక్క కుదర్చాలి.

[పాత జేబు గడియారం. అద్దంలో కిటికీ కనిపిస్తోంది.]

దానికంటే ముందు అద్దం సంగతి చూద్దాం, ఎందుకంటే ఎక్కువ ఫోటోలు పాడయ్యేది అక్కడే. మా బంధువుల ఇంట్లో ఒక పాత జేబు గడియారం ఉండేది. ఒకసారి అడిగి తీసుకుని, కిటికీ పక్కన పెట్టి గబగబా ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే అద్దంలో కిటికీ చట్రం, నా వేళ్లు, కెమెరా. అంకెలు సగం వాటి కిందే పోయాయి. తర్వాత ఆ గడియారం ఎవరి దగ్గరికి వెళ్లిందో తెలియలేదు. ఇప్పటికీ ఆ బాధ ఉంది.

అద్దం ఎదురుగా ఏముంటే అదే అందులో పడుతుంది. కాబట్టి ఎదురుగా ఏముండాలో మనమే చూసుకోవాలి. ఒక నల్ల అట్టకి లెన్స్ పట్టేంత కన్నం చేసి, అందులోంచి తీయండి. అద్దంలో నలుపు తప్ప ఇంకేమీ పడదు, డయల్ తేటగా వస్తుంది. వెలుగు పక్కనుంచి, ట్రేసింగ్ పేపర్ గుండా రావాలి. మెరిసే లోహపు అంచులకు మాత్రం ఒకవైపు తెల్ల కాగితం, ఇంకోవైపు సన్నటి నల్ల పట్టీ పెడితే గుండ్రం తెలుస్తుంది.

లెన్స్ ముందు పోలరైజర్ ఫిల్టర్ (ప్రతిబింబాల మెరుపుని తగ్గించే గాజు) పెడితే సరిపోదా అని అడుగుతారు. గాజుకి ఎదురుగా నిలబడి తీస్తే దానివల్ల ఉపయోగం లేదు. గాజుకి సరిగ్గా ఎదురుగా ఉండే గీత నుంచి సుమారు 56 డిగ్రీలు పక్కకి ఒరిగి తీసినప్పుడే అది బాగా పనిచేస్తుంది. లోహం మీది మెరుపుని దాదాపు తగ్గించలేదు. ఇక డిజిటల్ వాచీకి అయితే ఇంకో చిక్కు: ఎల్‌సీడీ తెరలోనే పోలరైజర్ ఉంటుంది. మీ ఫిల్టర్ తిప్పుతూ పోతే ఒక కోణంలో తెర మొత్తం నల్లబడిపోతుంది.

ఎర్రటి అంకెలు వెలిగే ఎల్‌ఈడీ గడియారాల్లో షట్టర్ లెక్క బాగా తెలుస్తుంది. వాటిలో చాలావాటికి అంకెలన్నీ ఒకేసారి వెలగవు. ఒకదాని తర్వాత ఒకటి, కంటికి అందనంత వేగంగా వెలుగుతాయి. సెకనులో వెయ్యో వంతు షట్టర్ పెడితే కొన్ని అంకెలు మాయమవుతాయి. 1/30కి దించండి, అన్నీ వస్తాయి.

[చీకటి గది. ఊగుతున్న లోలకం. పక్కనే లాంగ్ ఎక్స్‌పోజర్ ఫోటో.]

ఇప్పుడు లోలకం. ఒక చివర నుంచి ఇంకో చివరకి సరిగ్గా ఒక సెకనులో వెళ్లే లోలకం పొడవు దాదాపు 99 సెంటీమీటర్లు. అది నడిమిట్లో అన్నిటికంటే వేగంగా వెళ్తుంది, చివర్లలో లిప్తపాటు ఆగి వెనక్కి తిరుగుతుంది. స్పష్టంగా కావాలంటే ఆ చివర్లో నొక్కండి, మామూలు షట్టర్ వేగమే చాలు. నాకు నచ్చేది మాత్రం రెండో పద్ధతి. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, షట్టర్‌ని రెండు సెకన్లు తెరిచి ఉంచండి. లోలకం ఒకసారి వెళ్లి వచ్చేస్తుంది. ఫోటోలో రెండు చివర్లా గుండు చిక్కగా, మధ్యలో పొగలా పలచగా పడుతుంది. ఎక్కడ ఎంతసేపు ఉందో ఆ చిక్కదనమే చెబుతుంది. పక్కన కూర్చోబెట్టుకుని పిల్లలకి ఇది చూపించండి, ఫిజిక్స్ పాఠం కళ్లముందే జరుగుతుంది.

ఇసుక గడియారంలో మెడ నుంచి 5 సెంటీమీటర్లు పడేసరికి ఇసుక రేణువు వేగం సెకనుకు దాదాపు ఒక మీటర్. 1/50 పెడితే రెండు సెంటీమీటర్ల గీతలా సాగి, ధార దారంలా వస్తుంది. 1/2000 పెడితే అర మిల్లీమీటరే కదులుతుంది, రేణువులు విడివిడిగా కనిపిస్తాయి. వెలుగు వెనక నుంచి రావాలి.

టవర్ గడియారాలకు ఒక్క మాట. కింద నిలబడి తీస్తే గుండ్రటి డయల్ కోడిగుడ్డులా వస్తుంది. దూరం వెళ్లి జూమ్ చేయండి. సూర్యాస్తమయం తర్వాత ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే తీయండి. పూర్తిగా చీకటి పడ్డాక డయల్ తెల్లటి చక్రంలా మిగులుతుంది.

[జైపూర్ జంతర్ మంతర్. పాలరాతి కొలబద్ద మీద నీడ.]

గడియారం అనే మాటలోనే గడియ ఉంది. గడియ అంటే 24 నిమిషాలు. అడుగున సన్నటి చిల్లున్న గిన్నెను నీళ్లలో వదిలితే, అది నిండి మునిగేలోపు ఒక గడియ అయినట్టు లెక్క. అలాంటిది తీయాల్సి వస్తే చివరి కొన్ని సెకన్లకు సిద్ధంగా ఉండండి, మునిగేది చటుక్కున మునుగుతుంది.

నీడ గడియారాల్లో నన్ను కదిలించేది జైపూర్‌లోని సమ్రాట్ యంత్రం. ఎత్తు సుమారు 27 మీటర్లు. అక్కడ నీడ సెకనుకు దాదాపు ఒక మిల్లీమీటర్ జరుగుతుంది, అంటే కంటికే తెలుస్తుంది. కెమెరాని కొలబద్ద పక్కన పెట్టి, సెకనుకో ఫోటో చొప్పున రెండు నిమిషాలు తీస్తే నీడ 12 సెంటీమీటర్లు నడుస్తుంది. నీడ అంచు మసగ్గా ఉందని ఫోకస్ సరిచేస్తూ కూర్చోకండి. ఆకాశంలో సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. ఆ మసక దానివల్లే.

ఇంకొకటి చూడండి. కెమెరాలో నమోదైన టైమ్, నీడ చూపే టైమ్ కలవవు. ఊరు ఎక్కడుందన్న దాన్నిబట్టి వచ్చే తేడా ఒకటి. అది తీసేసినా నవంబర్ మొదట్లో నీడ సుమారు 16 నిమిషాలు ముందుంటుంది, ఫిబ్రవరి మధ్యలో 14 నిమిషాలు వెనకబడుతుంది. భూమి కక్ష్య సరైన వృత్తం కాకపోవడం, భూమి ఒరిగి తిరగడం దీనికి కారణాలు.

దీన్ని మీరే ఫోటోల్లో పట్టుకోవచ్చు. ఎండ పడేచోట ఒక కర్ర పాతండి. కెమెరా ఎక్కడ పెట్టాలో గుర్తు వేసుకోండి. వారానికోసారి సరిగ్గా ఒకే టైమ్‌కి ఒక ఫోటో తీయండి. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే దేశంలో ఉంటే, మీరు మాత్రం జరపకండి. ఏడాది తర్వాత అన్ని ఫోటోల్లో నీడ కొసలను కలిపితే పొడుగాటి 8 వస్తుంది. మధ్యలో ఒకటి రెండు వారాలు మబ్బు పట్టినా ఫర్వాలేదు, మిగతా చుక్కలతో గీత అర్థమవుతుంది. కర్ర మాత్రం కదలకూడదు.