లెక్క తేలేదాకా: సార్జెంట్ ఆల్విన్ కాష్

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ ఒక సైనికుడిని తలచుకుందాం. పేరు ఆల్విన్ కాష్. అమెరికా సైన్యంలో సార్జెంట్ ఫస్ట్ క్లాస్. 2005లో ఇరాక్‌లో ఒళ్లంతా కాలిపోయి, మూడు వారాలు ఆస్పత్రిలో కొట్టుమిట్టాడి, 35 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ యుద్ధం న్యాయమైనదా కాదా అన్న వాదనలోకి నేను వెళ్లను, దాని మీద మీకు ఇప్పటికే ఒక అభిప్రాయం ఉండే ఉంటుంది, నాకూ ఉంది. ఈ కాసేపూ ఆ మనిషి గురించి, ఆయన ఎక్కిన బండి గురించి చెప్తాను.

ముందు బండి సంగతి. అది తెలియకపోతే ఆయన చేసిన పని ఎంతటిదో అంతుపట్టదు. కాష్ పనిచేసింది మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీలో, అంటే పదాతి దళమే, కాకపోతే వీళ్లు నడుచుకుంటూ వెళ్లరు, ఇనుప కవచం ఉన్న బండిలో పోరాటం జరిగే చోటి దాకా వెళ్లి అక్కడ దిగుతారు. ఆయన దళానికి ఉన్న బండి పేరు బ్రాడ్లీ. చూడగానే ఎవరైనా ట్యాంకు అనుకుంటారు, కింద ఇనుప పట్టాలు, పైన గిర్రున తిరిగే టరెట్, దానికి 25 మిల్లీమీటర్ల తుపాకీ. డ్రైవరు, గన్నరు, కమాండరు ముగ్గురూ బండి పని చూస్తారు. అసలు సైనికులు వెనక అరలో కూర్చుంటారు. ఆరేడుగురు, ఎదురెదురుగా, ఒకరి మోకాళ్లు ఒకరికి తగులుతూ, ఒంటి మీద బరువైన జాకెట్లు, కాళ్ల దగ్గర తూటాల పెట్టెలు. బయట ఏం జరుగుతోందో సరిగా కనిపించదు, ఇంజను హోరులో పక్కవాడి మాట కూడా వినిపించదు. దిగాలంటే వెనక ర్యాంపు తెరుచుకోవాలి. ఆరు వందల లీటర్ల పైచిలుకు ఇంధనం కూడా అదే బండి కడుపులో ఉంటుంది. తూటాలు, బాంబు తునకలు ఆ ఇనుమును దాటి లోపలికి రాలేవు, అందుకే ఆ బండంటే సైనికులకు అంత నమ్మకం. కానీ అడుగున పెద్ద మందుపాతర పేలి ఇంధనం అంటుకుంటే, అంతవరకూ కాపాడిన గోడలే లోపలివాళ్లను బయటికి రానివ్వవు.

కాష్ 1970లో ఫ్లోరిడా రాష్ట్రంలోని శాన్‌ఫర్డ్‌లో పుట్టి, దగ్గర్లోని ఒవీడో అనే ఊళ్లో పెరిగారు. పెద్ద కుటుంబం, ఇంట్లో అందరికన్నా చిన్నవాడు. 1989లో సైన్యంలో చేరితే మొదట ఇచ్చింది సామాన్ల సరఫరా పని, పదాతి దళంలోకి వచ్చింది ఆ తర్వాతే. గల్ఫ్ యుద్ధం చూశారు, కొత్త కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చే డ్రిల్ సార్జెంటుగా చేశారు, 2003లో ఇరాక్ మీదికి వెళ్లిన దళాల్లోనూ ఉన్నారు. డ్రిల్ సార్జెంట్లంటే తెలుసుగా, అరుపులకు పెట్టింది పేరు.

2005లో మళ్లీ ఇరాక్ వెళ్లేసరికి ఆయన 15వ ఇన్‌ఫాంట్రీ రెజిమెంటు ఒకటో బెటాలియన్‌లో ప్లటూన్ సార్జెంటు. ఈ ఉద్యోగం గురించి బయట పెద్దగా మాట్లాడుకోరు. ప్లటూన్ అంటే ముప్పై నలభై మంది సైనికుల దళం, దానికి నాయకుడు లెఫ్టినెంటు, సాధారణంగా చిన్న వయసు, కాలేజీ దాటి ఎన్నాళ్లో అయి ఉండదు. ఆయన పక్కన పదిహేనేళ్లు సైన్యంలో నలిగిన సార్జెంటు ఉంటాడు. ఎవరికి బూట్లు చిరిగాయి, ఎవరి దగ్గర తూటాలు తక్కువున్నాయి, ఎవడికి ఇంటి నుంచి చెడ్డ ఉత్తరం వచ్చింది, గాయపడ్డవాళ్లను ఎటు తరలించాలి, ఇవన్నీ చూసుకోవాల్సింది ఆయనే. బయల్దేరేటప్పుడు ఎంతమంది, తిరిగొచ్చేటప్పుడు ఎంతమంది అని తలలు లెక్కపెట్టే బాధ్యత కూడా ఆయనదే. ఈ మాట గుర్తుంచుకోండి.

2005 అక్టోబరు 17, రాత్రి. సలాహుద్దీన్ ప్రాంతంలోని ఫార్వర్డ్ ఆపరేటింగ్ బేస్ మెకంజీ అనే సైనిక స్థావరం నుంచి బ్రాడ్లీలు గస్తీకి బయల్దేరాయి. వెనకాల సరుకుల కాన్వాయ్ రావాలి, దానికి ముందు రోడ్డు మీద బాంబులేమైనా ఉన్నాయేమో చూసి దారి చేయాలి. ఇసుక గాలి లేచి హెలికాప్టర్ల తోడు లేకుండా పోయింది. ముందు బండిలో గన్నరు సీట్లో ఉన్నది కాష్. కొంత దూరం వెళ్లారో లేదో, ఆ బండి కిందే మందుపాతర పేలింది. సైనికులతో ఉన్న ఇరాకీ దుబాసీ అక్కడికక్కడే చనిపోయాడు. ఇంధనం తొట్టి పగిలింది, లోపలంతా ఇంధనం చిమ్మింది, మంటలు లేచాయి.

కాష్‌కి తగిలిన దెబ్బలు మొదట పెద్దవేం కావు. పైనున్న మూత తెరుచుకుని దిగారు. కాకపోతే ఒళ్లంతా ఇంధనంతో తడిసిపోయింది, ఆ ఒంటితో మంటల దగ్గరికి పోకూడదని చిన్నపిల్లాడికైనా తెలుసు. ఆయన నేరుగా ముందు వైపు వెళ్లి డ్రైవరును బయటికి లాగి, అతని ఒంటి మీది మంటలు ఆర్పారు. ఈలోగా వెనక అరలో ఉన్న స్క్వాడ్ లీడరు, అంటే అక్కడి చిన్న జట్టు నాయకుడు, లోపలి నుంచి తలుపు తెరవగలిగాడు. కాష్ అక్కడికి పరుగెత్తి లోపలికి చేతులు పెట్టి, కాలుతున్న మనుషులను ఒక్కొక్కరినే లాగడం మొదలుపెట్టారు. అప్పుడే ఆయన బట్టలు అంటుకున్నాయి. శత్రువులు తుపాకులు పేలుస్తూనే ఉన్నారు. నలుగురిని బయటికి తెచ్చారు. వెనక బండిలో ఉన్నవాళ్లు సాయానికి వచ్చారు. మామూలుగా అయితే అక్కడితో ఆగిపోవచ్చు, ఎవరూ ఒక్క మాట అనరు కూడా. కానీ తలలు లెక్కపెడితే ఇద్దరు తక్కువ వచ్చారు. ఆయన మళ్లీ వెళ్లారు. ఆ ఇద్దరినీ తెచ్చారు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇక్కడే మనసు ఆగిపోతుంది. వీరావేశంలో నిప్పులోకి దూకే మనుషుల గురించి వింటూనే ఉంటాం. ఒళ్లు కాలుతూ ఉండగా, మొదటి ఊపు అయిపోయాక, ఆగి లెక్క చూసుకుని, లెక్క తప్పిందని మళ్లీ వెళ్లడానికి ఆవేశం ఒక్కటే చాలదు. ఏళ్ల తరబడి రోజూ చేసిన పని ఒంటికి పట్టి ఉండాలి. పదహారేళ్ల సర్వీసు ఆ క్షణంలో పనికొచ్చిందనే నేననుకుంటాను.

హెలికాప్టర్లు వచ్చాక కూడా ముందు మిగతా గాయపడ్డవాళ్లను ఎక్కించమన్నారు, అందరూ వెళ్లేదాకా తాను ఎక్కనన్నారు. అప్పటికి ఆయన ఒంట్లో 72 శాతం కాలిపోయి ఉంది. చివరికి టెక్సస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలో కాలిన గాయాలకు పేరున్న సైనిక ఆస్పత్రి, బ్రూక్ ఆర్మీ మెడికల్ సెంటర్‌కు చేర్చారు. మాట్లాడగలిగాక మొదట అడిగింది తన కుర్రాళ్లు ఎలా ఉన్నారనేనని ఆయన అక్క కాసినాల్ కాష్ వైట్ చెప్పారు. నవంబరు 8న ఆయన చనిపోయారు.

ఆయన బయటికి తెచ్చినవాళ్లందరూ బతకలేదు, ఇది చెప్పకుండా దాటేయడం తప్పు. కొందరు అదే ఆస్పత్రిలో రోజుల తేడాతో పోయారు. వాళ్లలో ఒకరు అక్టోబరు 22న చనిపోతే, ఇరాక్‌లో అమెరికా సైన్యం కోల్పోయిన 2,000వ మనిషి అని వార్తా సంస్థలు లెక్క కట్టాయి, పేపర్లన్నీ ఆ అంకె వేశాయి. తర్వాత రెండు వారాలకు పోయిన కాష్ సంగతి అంత పెద్ద వార్త కాలేదు. గుండ్రటి అంకెలకున్న గిరాకీ అలాంటిది.

ఇక పతకం. మొదట వచ్చింది సిల్వర్ స్టార్, అమెరికా శౌర్య పతకాల్లో మూడో మెట్టు. సిఫారసు చేసింది బెటాలియన్ కమాండర్ గ్యారీ బ్రిటో. ఆ రాత్రి జరిగిందంతా అప్పటికి ఆయనకే పూర్తిగా తెలియదు. తెలిసే వీలేదీ? చూసినవాళ్లంతా కాలిన గాయాలతో ఆస్పత్రుల్లో ఉన్నారు. వివరాలు బయటపడ్డాక, ఇది మెడల్ ఆఫ్ ఆనర్‌కు తక్కువ కాదని, మన పరమవీర చక్ర లాంటిదన్నమాట, బ్రిటో మళ్లీ సాక్ష్యాలు పోగుచేయడం మొదలుపెట్టారు. ఆయన పై హోదాలకు ఎదుగుతూనే ఉన్నారు, ఆ ఫైలు మాత్రం వదల్లేదు. కాసినాల్ కూడా ఏళ్ల తరబడి వెంటపడ్డారు. 2020లో రక్షణ మంత్రి సరే అన్నాక కూడా ఇంకో అడ్డంకి వచ్చింది, ఘటన జరిగిన అయిదేళ్ల లోపే ఆ పతకం ఇవ్వాలని చట్టం. దానికి మినహాయింపు ఇస్తూ పార్లమెంటు ప్రత్యేకంగా ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది. 2021 డిసెంబరు 16న వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు బైడెన్ ఆ పతకాన్ని కాష్ భార్య టమారా చేతికిచ్చారు. అప్పటికి పదహారేళ్లు. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాలకు గాను ఆ పతకం దక్కిన తొలి నల్లజాతి సైనికుడు ఆయనే.

ఇక్కడ నన్ను తినేసే పోలిక ఒకటుంది. ఆయన బెటాలియన్‌లోనే, 1945 జనవరిలో, ఫ్రాన్స్‌లో, ఆడీ మర్ఫీ అనే కుర్ర లెఫ్టినెంటు మండుతున్న యుద్ధ శకటం మీదెక్కి మెషిన్‌గన్‌తో జర్మన్లను ఆపాడు. అతనికి మెడల్ ఆఫ్ ఆనర్ ఆ జూన్‌లోనే అందింది. అయిదు నెలలు కూడా పట్టలేదు! మర్ఫీ తర్వాత సినిమా హీరో కూడా అయ్యాడు. కాష్ విషయంలో ఆలస్యానికి రంగే కారణమని కొందరంటారు, కాగితాల తతంగమని కొందరంటారు. నా మటుకు నాకు, సాక్షులే కాలి మంచాన పడ్డప్పుడు కాగితం కదిలించాల్సిన పూచీ పైవాళ్లదనిపిస్తుంది, గడువు పెట్టినవాళ్లు ఆ సంగతి ఆలోచించి ఉండాల్సింది.

ఒవీడోలో ఇప్పుడు పోస్టాఫీసుకు ఆయన పేరుంది.

చివరగా ఆ దుబాసీ గురించి ఒక మాట. ఈ కథ ఎవరు చెప్పినా అతను ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోతాడు, నేనూ ఇందాక అంతే చెప్పాను. ఆ రోజుల్లో అమెరికా సైన్యంతో తిరిగిన ఇరాకీ దుబాసీలు చాలామంది ముఖానికి గుడ్డ కట్టుకుని, మారుపేర్లతో పనిచేసేవాళ్లు, అసలు పేరు బయటపడితే ఇంటిల్లిపాదినీ చంపుతారన్న భయంతో. అదే బండిలో, అదే చీకట్లో, అందరికన్నా ముందు ప్రాణం పోయింది అతనికే. కాష్‌ని తలచుకున్నప్పుడు అతన్ని కూడా తలచుకోండి. ఉంటాను, నమస్కారం.